అవ్వ నడకకు అలెగ్రో

ఒక పెళ్లిలో పెళ్లికొడుకు, బ్యాండు, బంధువులు, ఫొటోగ్రాఫరు, చివరికి పిలవని వాళ్లు కూడా ముహూర్తానికి ముందే కల్యాణ మండపానికి చేరిపోయి, తాళిబొట్టు మాత్రం వీధి మధ్యలో సోడా అంగడి బెంచీ మీద ఉండిపోవడం మీరెప్పుడైనా విన్నారా? విని ఉండరు. మా బద్వేలులో అది జరిగింది. జరిపించింది నేను. అందులో ఇటలీ దేశం చెయ్యి కూడా కొంత ఉంది గానీ, ఆ రోజు తిట్లన్నీ నాకే వచ్చాయి. ఇటలీని ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఏడెనిమిదేళ్ల కిందటి సంగతి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, ఒక కీబోర్డు, దానికో స్టాండు, ఒక సర్టిఫికెట్టు ఉండేవి. ఆన్‌లైన్‌లో పాఠాలు విని, కర్నూలు వెళ్లి పరీక్ష రాసి తెచ్చుకున్న మూడో గ్రేడు సర్టిఫికెట్టు అది. బయటి దేశాల్లో ఆ పరీక్ష పదేళ్ల పిల్లలు రాస్తారని నాకు తర్వాత తెలిసింది. అప్పుడే తెలిసి ఉన్నా నేను లెక్కచేసేవాణ్ని కాదు, ఎందుకంటే మా వీధిలో ఏ పదేళ్ల పిల్లవాడి దగ్గరా ఆ సర్టిఫికెట్టు లేదు. దాన్ని ఫ్రేము కట్టించి వరండాలో తగిలించాను. మా అమ్మ మురిసిపోయి దానికి పూలదండ వేసింది. మరుసటి రోజు పాలు పోయడానికి వచ్చిన ఆమె ఆ దండ చూసి గొంతు తగ్గించి, "ఎప్పుడు పాయ తల్లీ, పెద్దాయన?" అని అడిగింది.

ఆ చదువులో నాకు బాగా పట్టుబడింది ఒకే ఒక్క విషయం. పాటను ఎంత వేగంగా వాయించాలో చెప్పే ఇటాలియన్ మాటలు. పడమటి సంగీతంలో ప్రతి పాట నెత్తి మీదా అలాంటి మాట ఒకటి రాసి ఉంటుంది. లార్గో అంటే బాగా నిదానంగా. అడాజియో అంటే తీరుబడిగా. అందాంతే అంటే మనిషి నడిచినట్టుగా. అలెగ్రో అంటే హుషారుగా. ప్రెస్టో అంటే ఇక పరుగే. ఈ నాలుగైదు మాటలు నోటికి రాగానే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. పొద్దున్నే వంటింట్లోకి తొంగిచూసి, "అమ్మా, దోసెలు అలెగ్రో!" అనేవాణ్ని.

"అట్లాటివి ఈడ దొరకవు. ఎర్రకారం దోసె ఉండాది, తింటే తిను, లేకుంటే పో" అనేది అమ్మ.

ఇంట్లో ఆదరణ లేకపోవడంతో నా విద్య వీధిలో పడింది. మా ఇంటికి రెండిళ్ల అవతల మస్తాన్ మామ బ్యాండు రూము ఉండేది. మామ క్లారినెట్ వాయిస్తాడు. ఆయన నాయన కూడా వాయించాడు. బద్వేలు చుట్టుపక్కల రెండు తరాలుగా ఏ పెళ్లి జరిగినా వాళ్ల బ్యాండే. అయితే నేను చెప్పే నాటికి ఆ రూములో డ్రమ్ములకంటే దుమ్ము ఎక్కువైంది. పెళ్లిళ్లకు డీజేలు వచ్చేశాయి. ట్రంపెట్ వాయించే ఒకాయన అప్పటికే మంగంపేట గనుల్లో లారీలకు లోడెత్తే పనిలో చేరిపోయాడు. మిగిలింది మామ, ఇద్దరు ట్రంపెట్ల వాళ్లు, చిన్న డ్రమ్ముకు ఒకాయన, పెద్ద డ్రమ్ము కొట్టే ఓబులేసు.

ఆ పరిస్థితిలో వెంకటసుబ్బయ్య శెట్టిగారి ఇంట్లో పెళ్లి వచ్చింది. శెట్టిగారిది మా ఊళ్లో పెద్ద కిరాణా అంగడి. పెద్దకొడుకు ప్రసాదు పెళ్లి. ఊరేగింపుకు ప్రసాదు డీజే కావాలన్నాడు. శెట్టిగారి తల్లి రంగమ్మవ్వ, "నా మనవడి మెరవణికి మస్తాను బాజా లేకుంటే నేను గడప దాటను" అంది. అవ్వ మాట ఆ ఇంట్లో కోర్టు తీర్పు. శెట్టిగారు మస్తాన్ మామను పిలిచి అసలు మాట చెప్పేశాడు.

"మస్తానూ, ఈ పెండ్లి నీదే. ఇది బాగా జరిగితే మా చిన్నోడి పెండ్లి, మా అన్న పిల్లల పెండ్లిండ్లు అన్నీ నీకే. ఏదన్నా తేడా వచ్చిందనుకో, మా పిలగాండ్లు నా మాట వినరప్పా. డీజేని పిలుస్తారు."

మామ ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి వరండాలో కూర్చున్నాడు. దండ వేసిన నా సర్టిఫికెట్టు వైపు కాసేపు మర్యాదగా చూశాడు.

"సుధాకరూ, నువ్వు శానా సదువుకున్నావంట. మా బ్యాండుకు రోంత కొత్తదనం చెప్పు నాయనా. పిలగాండ్లకు నచ్చేటట్ల. ఈ పెండ్లి తప్పిపోతే నేనూ మంగంపేటకు పోవాల్సిందే. అరవై దగ్గర పడినాయి, లోడు నేనేం ఎత్తుతా చెప్పు."

చదువుతున్న మీకు ఇక్కడే గుండె గుభేలుమని ఉంటుంది. నాకు మాత్రం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "మామా, నాకు వదిలెయ్యి. వారం రోజుల్లో మీ బ్యాండును ప్రపంచ స్థాయికి తెస్తా" అన్నాను. మామ పాపం, బద్వేలు స్థాయిలో నిలబడితే చాలనుకుని వచ్చిన మనిషి.

మర్నాడు ఫ్లెక్సీ అంగడికి వెళ్లి పెద్ద చార్టు కొట్టించాను. అందులో నాలుగు గళ్లు ఉండాలన్నది నా ఆలోచన. మాట, దాని అర్థం, నిమిషానికి ఎన్ని దెబ్బలు, పక్కన చేతులు కట్టుకుని నిలబడిన నా ఫొటో. ఫ్లెక్సీ వేసే ఆయన కంప్యూటరు ముందు తల గోక్కున్నాడు.

"సారూ, నాలుగూ పట్టవు. ఏదన్నా ఒకటి తీసెయ్యాల."

నేను రెండు నిమిషాలు ఆలోచించి అర్థం తీసేయించాను.

నవ్వకండి. ఆ ఫొటోలో నేను నిజంగానే బాగుండేవాణ్ని.

ఆ సాయంత్రం బ్యాండు రూములో గోడకు చార్టు తగిలించి, చేతిలో కర్ర పట్టుకుని పాఠం మొదలుపెట్టాను. అయిదుగురూ తిరగేసిన డబ్బాల మీద బుద్ధిగా కూర్చున్నారు.

"ఇది లార్గో" అన్నాను.

"అంటే ఏంది సారూ?" అన్నాడు ఓబులేసు.

"నిమిషానికి యాభై."

"అది సరే. అంటే ఏంది?"

"యాభై అంటే యాభయ్యే ఓబులేసన్నా. ఇది సైన్సు."

మస్తాన్ మామ గొంతు సవరించుకున్నాడు. "మాకూ ఉండాయి కదా నాయనా, పేర్లు."

"మీకా? ఏం పేర్లు మామా?"

"మెరవణికి అవ్వ నడక. పెండ్లికూతుర్ని మండపంలోకి తెచ్చేటప్పుడు పిల్ల నడక, అది ఇంకా నిదానం, చీర కాళ్లకు అడ్డం పడకుండా. రోడ్డు కాలతాంటే ఎండ నడక. పంతిలో ఇస్తరాకులు ఏసినారని తెలిసినాక కూటి నడక."

నేను పగలబడి నవ్వాను. కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ, "కూటి నడకకు నిమిషానికి ఎన్ని దెబ్బలు మామా?" అని అడిగాను.

"అది కూరను బట్టి ఉంటాది" అన్నాడు మామ నెమ్మదిగా.

నాకు మరీ నవ్వొచ్చింది. ఒక్కసారి కూడా ఆలోచించలేదు చూడండి. అందాంతే అంటే నడక. అలెగ్రో అంటే హుషారు. ఇటలీ వాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు తమ ఊళ్లో మనుషులు నడవడం చూసి, నవ్వడం చూసి పెట్టుకున్న పేర్లే అవి. మస్తాన్ మామ చేసింది కూడా అదే పని. కానీ ఆ సంగతి చెప్పే అర్థం గడిని నేను ఫొటో కోసం తీసేయించాను కదా.

"ఇకమీదట అవ్వలూ కూరలూ ఉండవు మామా. మెరవణి మొదట్లో అందాంతే, నిమిషానికి డెబ్బై ఆరు. పాత బస్టాండు దాటగానే అలెగ్రో, నూట ముప్పై రెండు."

మామ చార్టును పైనుంచి కిందకు చూసి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మాట మీద వేలు పెట్టాడు. "మా నాన్ ట్రోపో. ఇదేంది?"

"అదా? అంత ముఖ్యం కాదు. వేగం పేరు పక్కన రాస్తారు. అలెగ్రో మా నాన్ ట్రోపో అంటే, హుషారుగానే, కానీ మరీ అంత వద్దు అని."

మామ ముఖం మొదటిసారి వెలిగింది. "ఇది మంచి మాట నాయనా. దీన్ని పైన రాసుంటే బాగుండు."

"దాని సంగతి తర్వాత చూద్దాం" అని కర్ర తిప్పేశాను.

ఇక ఓబులేసు సంగతి. పెద్ద డ్రమ్ముకు బ్యాండులో చివరి వరుస. రిహార్సలుకు వీధిలో నడిపిస్తే ఆయన పది అడుగులకోసారి మెడ తిప్పి వెనక్కి చూసేవాడు. వెనక ఎవరూ లేకపోయినా సరే, చూసేవాడు.

"ఓబులేసన్నా, ఎందుకు వెనక్కి చూస్తావు?"

"పెద్దోళ్ల కాళ్లు సూస్తా సారూ. మెరవణిలో అందరికన్నా నిదానంగా నడిచేది ఎవురో సూసుకుని, వాళ్ల కాలు పడినప్పుడు దెబ్బ ఏస్తా. మా నాయన నేర్పించినాడు."

"ప్రపంచంలో ఏ బ్యాండులోనైనా డ్రమ్ము వాడు వెనక్కి చూస్తాడా?"

"ప్రపంచం నేను సూళ్యా సారూ. మైదుకూరు దాకా పోయినా."

నా ఫోనులో మెట్రోనోమ్ అనే యాప్ ఉండేది. నిమిషానికి ఎన్ని కావాలంటే అన్ని సార్లు టిక్కు టిక్కుమంటుంది. ఆ ఫోను ఓబులేసు జేబులో పెట్టి, ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోకీ దూర్చి, బయటి చప్పుడు వినపడకుండా పైన తలపాగా కట్టించాను. "చెవిలో ఏం వినపడితే అది కొట్టు. మెడ తిప్పావంటే ఒప్పుకోను" అని గట్టిగా చెప్పాను. ఓబులేసు మస్తాన్ మామ వైపు చూశాడు. మామ, సదువుకున్నాయన చెప్తాండాడు కదా అన్నట్టు తలూపాడు.

పెళ్లిరోజు వచ్చింది. ముహూర్తం పది గంటల ముప్పై అయిదు నిమిషాలకు. తొమ్మిదిన్నరకు విడిది నుంచి బయల్దేరి పది దాటాక నిదానంగా మండపం చేరాలన్నది పెద్దల లెక్క. ఆ శెట్టిగారి ఇంట్లో ఒక ఆచారం ఉంది. తాళిబొట్టును ఇంటి పెద్దావిడ తన కొంగున ముడివేసుకుని, చెప్పుల్లేకుండా నడిచి తేవాలి. బండి ఎక్కకూడదు. ఇంకో చేతికి ఇవ్వకూడదు. అందుకే బ్యాండు వెనకే రంగమ్మవ్వ, అవ్వ వెనక ఆడవాళ్లు, ఆ వెనక పూలు కట్టిన జీపులో పెళ్లికొడుకు. అవ్వకు ఎనభై దాటాయి. ఈ ఆచారం గురించి మామ నాకు వారంలో మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నేను ఫోను చూసుకుంటున్నాను.

నేను తెల్ల చొక్కా నీటుగా టక్ చేసుకుని, చేతిలో కర్రతో బ్యాండుకు ముందు నిలబడ్డాను. చెయ్యెత్తి, "అందాంతే!" అని అరిచాను. టెంకాయ కొట్టబోతున్న పెద్దమనిషి దడుచుకుని కాయ కింద పడేశాడు.

మొదటి యాభై గజాలు బాగానే సాగాయి. డెబ్బై ఆరు దెబ్బలకు డెబ్బై ఆరు అడుగులు. జనం కొంచెం గబగబా నడవాల్సి వచ్చింది గానీ, కొత్త పద్ధతి అనుకున్నారు. శెట్టిగారి భార్య మంగళ హారతి పళ్లెంలో దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని పెద్ద పెద్ద అంగలు వేసింది. పాత బస్టాండు దాటాం. నేను చివరి వరుస దాకా వెళ్లి ఓబులేసు జేబులో ఫోను మీద నూట ముప్పై రెండు నొక్కాను.

"అలెగ్రో!"

అయ్యా, అమ్మా, ఏం చెప్పమంటారు. పట్టు చీరలన్నీ మోకాళ్ల దాకా లేచాయి. పంచెల కుచ్చిళ్లు చేతుల్లోకి వచ్చేశాయి. డాన్సు చేయాలని సిద్ధమై వచ్చిన కుర్రాళ్లు చెయ్యాలంటే ఆగాలి, ఆగితే వెనకబడతారు, అందుకని చేతులు మాత్రం ఆడిస్తూ పరిగెత్తారు. ఫొటోగ్రాఫరు వెనక్కి నడుస్తూ ఫొటోలు తీయడం అలవాటున్న మనిషి. పాపం, వెనక్కి పరిగెత్తడం అలవాటు లేదు. దోసకాయల తోపుడు బండిలో కూర్చున్నాడు. "బ్యాండుకూ మనకూ సందు రాకూడదు" అని జీపు డ్రైవరుకు ఎవరో చెప్పారట, అతను గేరు మార్చాడు. జనమంతా బ్యాండు వేగానికి కొట్టుకుపోయారు.

సరిగ్గా అక్కడే, సోడా అంగడి ముందు, రంగమ్మవ్వ కాలికి గులకరాయి గుచ్చుకుంది. అవ్వ పక్కకు జరిగి, అంగడి గుంజ పట్టుకుని కాలు చూసుకుంది. తలెత్తేసరికి ముందు బ్యాండు లేదు. వెనకనున్న ఆడవాళ్లు ముందుకు పోయారు. జీపు కూడా దాటిపోయింది. "రేయ్, ఆగండ్రా!" అని అవ్వ అరిచిందట. వినాల్సింది ఓబులేసు. ఓబులేసు చెవుల్లో నేనున్నాను.

తొమ్మిదీ నలభై మూడుకు మండపం మెట్లెక్కాం. ఆడపెళ్లి వారు ఇంకా ఎదురుకోలు పన్నీరు బుడ్లు కూడా వెతుక్కోలేదు. శెట్టిగారు గడియారం చూసుకుని, రొప్పుతూనే నా భుజం తట్టాడు.

"మా ఇంట్లో ఏ మెరవణీ టయానికి రాల్యా. మొదటిసారి ఇది. భలే చేసినావు సారూ!"

ఆ మాటతో నాకు మిగిలిన కాస్త బుద్ధీ పోయింది. కాఫీ గ్లాసు పట్టుకుని, కుర్చీల మధ్య నిలబడి, చుట్టూ చేరిన నలుగురైదుగురు మగపెళ్లి వారికి అలెగ్రో గొప్పదనం వివరించాను. "టైము విలువ తెలిసిన జాతులు పైకొచ్చాయి" అని కూడా అన్నాను. ఓబులేసు తలపాగా విప్పుకుని ఒక మూల కూర్చుని, ఇప్పుడైనా చూడొచ్చు కదా అన్నట్టు గేటు వైపు చూస్తున్నాడు. ఎదురుకోలు అయింది. పెళ్లికొడుకు కాళ్లు కడిగారు. అంతా సాఫీగా జరిగిపోతోంది.

పది దాటి పది నిమిషాలకు పెళ్లి జరిపిస్తున్న అయ్యవారు పెళ్లిపీటల పక్క నుంచి, "బొట్టు ఇట్ల ఇయ్యండి, అందరి చేతా ముట్టించుకుని వస్తారు" అన్నాడు.

"అమ్మా, బొట్టు" అన్నాడు శెట్టిగారు పక్కకు చూడకుండానే చెయ్యి చాపి.

చేతిలో ఏమీ పడలేదు.

"అమ్మ యాడ?"

"ఆడోళ్లలో ఉండాది కదా?" అన్నారు మగవాళ్లు.

"జీపులో ఎక్కించినారు కదా?" అన్నారు ఆడవాళ్లు.

"జీపులో నేనొక్కన్నే కదా ఉండింది!" అన్నాడు పీటల మీద నుంచి ప్రసాదు.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి నా ముఖం చూశారు. మూల నుంచి ఓబులేసు శాంతంగా అన్నాడు. "సోడా అంగడి కాడ ఉంటాది, ఈ దోవలో కూర్చునేదానికి బెంచీ ఉండేది ఆడనే. నేను ఎనక్కి సూసింటే తెలిసేది."

శెట్టిగారు, బ్యాండు, నేను ఆ ఎండలో సోడా అంగడి దాకా పరిగెత్తాం. రంగమ్మవ్వ బెంచీ మీద నిటారుగా కూర్చుని, కొంగుముడి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నిమ్మకాయ సోడా తాగుతోంది. ఆమె ముఖంలో తొందర అన్నది మచ్చుకైనా లేదు.

"లేమ్మా, లే! ముహూర్తం మించిపోతాంది!" అన్నాడు శెట్టిగారు.

"ఎవురప్పా నువ్వు?"

"నేనేమ్మా, నీ కొడుకును!"

"నా కొడుకు బాజా ఎనకాల పరిగెత్తిపాయ. నేను సూస్తానే ఉండినా. నువ్వెవురో నాకు తెలీదు."

"తప్పయిందిమ్మా. ఆటో పిలుస్తా, ఎక్కు."

"మీ నాయన పెండ్లికి మా అత్త బొట్టు తీసుకుని నడిచే వచ్చింది. నీ పెండ్లికి నేను నడిచే వచ్చినా. ఇప్పుడు నా మనవడి బొట్టును ఆటోలో కుదేస్తానా?"

"అయితే ఆ ముడి నాకియ్యమ్మా, నేను పరిగెత్తి..."

అవ్వ చూసిన చూపుకు శెట్టిగారు మాట మింగేశాడు. నేను ముందుకొచ్చాను. అప్పటికైనా నోరు మూసుకోవాలని ఎవరికైనా తోస్తుంది. నాకు తోచలేదు.

"అవ్వా, నా స్కూటీ మీద రెండు నిమిషాల్లో..."

"ఈ పిల్లోడెవురు?"

వారం రోజులుగా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు ఓబులేసు ముందుకొచ్చాడు. "ఈయనే అవ్వా. ఎనక్కి సూడొద్దు అన్నది ఈయనే. చెవుల్లో టిక్కుటిక్కులు పెట్టింది ఈయనే."

అవ్వ నన్ను టక్ చేసిన చొక్కా నుంచి బూట్ల దాకా చూసింది. సోడా బుడ్డి అంగడాయన చేతికిచ్చి, "బాజా ముందు నడిస్తేనే నేను లేచేది" అంది.

సమయం పదీ పద్దెనిమిది. అక్కడి నుంచి మండపానికి అవ్వ నడకతో తక్కువలో తక్కువ అరగంట. మా దగ్గరున్నది పదిహేడు నిమిషాలు. శెట్టిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మస్తాన్ మామ ముఖం వైపు చూశాను. రెండు తరాల పేరు, ఆ ముసలి చేతుల్లో ఉన్న ఒకే ఒక్క పని, నా మూలంగా సోడా అంగడి ముందు ఎండలో కరిగిపోతోంది. అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. "మామా, నన్ను క్షమించు" అనబోయాను.

"గమ్మునుండు నాయనా" అన్నాడు మామ, కోపం లేకుండానే. క్లారినెట్ తుడుచుకున్నాడు. "ఓబులేసూ, ఆ తీగెలు పీకి సారుకిచ్చెయ్. అవ్వ కాళ్లు సూడు."

ఓబులేసు నా ఫోను నా చేతిలో పెట్టి, వారం తర్వాత తృప్తిగా మెడ తిప్పాడు.

మామ పాత పాట ఒకటి ఎత్తుకున్నాడు. అవ్వ పెళ్లిలో మామ వాళ్ల నాయన వాయించిన పాటట అది. అవ్వ చెవి రిక్కించింది. "మీ నాయన ఇంతకన్నా బాగా వాయించేవాడు" అంటూనే లేచి నిలబడింది. అడుగు వేసింది. అవ్వ కాలు పడినప్పుడే ఓబులేసు దెబ్బ పడింది. మళ్లీ కాలు, మళ్లీ దెబ్బ. నేను పక్కన నడుస్తూ అలవాటు చొప్పున అవ్వ అడుగుకో నొక్కు నొక్కి ఫోనులో లెక్క చూశాను. నిమిషానికి నలభై. నా చార్టులో లార్గోకన్నా తక్కువ.

పది అడుగుల తర్వాత చూస్తే నలభై నాలుగు. పొరపాటేమో అనుకున్నాను. ఇంకో ఇరవై అడుగులకు యాభై. మామ ముందు నడుస్తూ ఎటూ చూడటం లేదు. ఓబులేసు అవ్వ కాళ్ల మీద నుంచి చూపు తిప్పడం లేదు. అవ్వ కాలు పడటానికి వెంట్రుకవాసి ముందు దెబ్బ వేస్తున్నాడు. అవ్వ కాలు ఆ దెబ్బను అందుకుంటోంది. ఒకచోట అవ్వకు ఆయాసం వస్తే, ఆమె అడగకుండానే పాట నెమ్మదించింది. ఊపిరి తిరగగానే మళ్లీ మొదలైంది. అరవై. డెబ్బై. అవ్వ ఒక చెయ్యి ఊపుకుంటూ నడుస్తోంది. నోట్లో పాట కూనిరాగం. మండపం గేటు కనపడేసరికి ఎనభై నాలుగు. ఎనభై ఏళ్లు దాటిన ఆ మనిషి నా అందాంతేను వెనక వేసి పోతోంది, ఆ సంగతి ఆమెకు తెలియదు.

దీనికి కూడా ఇటలీలో ఒక పేరుంది. అచ్చెలరాందో. వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడం. పరీక్షలో దానికి నాకు మార్కులు వచ్చాయి. అది ఎలా ఉంటుందో మాత్రం ఆ రోజే చూశాను.

"మామా, దీన్ని మీరేమంటారు?" అని గుసగుసగా అడిగాను.

మామ క్లారినెట్ పెదవుల నుంచి ఒక్క క్షణం తీసి, "బుజ్జగింపు" అన్నాడు.

పదీ ముప్పై రెండుకు అవ్వ మెట్లెక్కింది. కొంగుముడి విప్పింది. ఇద్దరు ముత్తయిదువలు బొట్టును పళ్లెంలో పెట్టుకుని కుర్చీల మధ్య తిప్పారు. అయ్యవారు వేలెత్తి "గట్టిమేళం!" అన్నాడు. మండపంలో ఉన్న డోలు, సన్నాయి, మస్తాన్ మామ బ్యాండు అన్నీ ఒక్కసారి అందుకున్నాయి. గట్టిమేళం అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో అయ్యవారు చెప్పలేదు, వాళ్లెవరూ అడగలేదు. నేను ఒక స్తంభం వెనక నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

భోజనాలయ్యాక శెట్టిగారు మామను పిలిచాడు. నేను కూడా వెళ్లి, తిట్లు పడితే నా మీదే పడాలని ముందు నిలబడ్డాను. ప్రసాదు కొత్త పెళ్లాన్ని పక్కన పెట్టుకుని నవ్వుతున్నాడు.

"మా అవ్వ అంత బిరబిరా నడవడం నేనెప్పుడూ చూళ్యా. డీజే గీజే ఏం వద్దు నాయనా, తమ్ముడి పెండ్లికి కూడా మస్తాన్ మామే" అన్నాడు.

శెట్టిగారు తలూపాడు. "నీదే మస్తానూ. పాత నడకే ఉండాల. ఇంగ ఈ సారు..." అని నా వైపు చూసి, తల్లి వైపు తిరిగాడు.

రంగమ్మవ్వ తాంబూలం నములుతూ చెయ్యి ఊపి నన్ను దగ్గరకు పిలిచింది. వెళ్లి కాళ్లకు దండం పెట్టాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, నిజంగా జాలిపడి, మెల్లగా అంది.

"సదువుకున్నావు. మంచిదే నాయనా. అయితే మరీ అంత వద్దు."

వెనక నుంచి మస్తాన్ మామ గొంతు వినపడింది. "సారూ, చార్టులో ఆ ఆఖరి మాట ఇదే కదా?"

ఇదే. అవ్వ ఇటలీ ముఖం చూడలేదు, మైదుకూరు దాటిందో లేదో తెలియదు, మూడో గ్రేడు పాసవలేదు. నేను వారం రోజుల్లో చెప్పలేనిది ఒక్క ముక్కలో చెప్పింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మామ వాళ్లు ఇప్పటికీ ఎండకు అడ్డంగా బ్యాండు రూము కిటికీకి కట్టుకున్న నా ఫ్లెక్సీ సాక్షిగా, దాని మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్న ఆ వెర్రివాడి సాక్షిగా, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ మెరవణి ముందూ అలెగ్రో అని అరవను. డ్రమ్ము కొట్టే మనిషి మెడ తిప్పితే ఎందుకని అడగను. చోటు చాలకపోతే నా ఫొటోనే తీసేయిస్తాను, అర్థాన్ని ముట్టుకోను. ఇంకా చాలా ప్రమాణాలు చేయాలనే ఉంది గానీ, మరీ అంత వద్దు.